మూడులో సగం

“ఇది మూసుకోలేదు,” అంది మిరెల్లా.

కప్పెల్లెత్తిని చూపుడువేలి మీద పెట్టుకుని అందరికీ కనపడేలా ఎత్తింది. పిండి మడతలోంచి చీజ్ ముద్ద బయటికి తొంగి చూస్తోంది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఆ పక్కదానికి అంచులు కలవనే లేదు. ఒకటి ఇటు, ఒకటి అటు.

“ఈ వరసంతా నువ్వు చేసిందేగా ఎలియా?”

“చెయ్యి వణికింది మమ్మా. పొద్దున్నే డాక్టరు ముందు కూర్చుని వచ్చాను కదా, ఇంకా దడ తగ్గలేదు.”

“డాక్టరు దగ్గర వణకలేదట. రాయిలా కూర్చున్నావని మీ నాన్న ఇందాక వీధంతా చాటాడు. వంటింటికి వచ్చాక వణికిందా?”

ఎలియా నవ్వాడు. పొయ్యి దగ్గర కోడిరసం మీద నురగ తీస్తున్న తండ్రి ఎర్మెస్ వెనక్కి తిరగలేదు. బల్లకి ఆ చివర నాయనమ్మ జెలిందా తల వంచుకుని పిండి ఒత్తుతూనే ఉంది.

కాసేపటి క్రితం వరకూ ఆ వంటింట్లో పండగే. ఆస్ట్రియా బైకు రేసులో పడి ఆసుపత్రి పాలైన పిల్లాడు మళ్ళీ బండెక్కొచ్చని ట్రాక్ డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. ఆదివారం మిజానోలో రేసు. మిజానో అంటే కొండ కిందే. గాలి ఇటు వీస్తే ఇంజన్ల మోత ఈ వంటింటి కిటికీలోంచి వినపడుతుంది. రేసు అయ్యాక జట్టులోని మెకానిక్కులందరికీ ఈ ఇంట్లోనే భోజనం. ఎలియా మొదటిసారి పోటీకి దిగిన ఏడు నుంచీ అది ఆనవాయితీ. అందుకే గురువారం నాడు ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరి కప్పెల్లెత్తి చుడతారు.

చుట్టడం పెద్ద విద్యేమీ కాదు. పలచగా ఒత్తిన పిండిని చదరాలుగా కోసి, మధ్యలో చీజ్ ముద్ద పెట్టి, మడిచి అంచులు నొక్కి, వేలికి చుట్టి చిన్న టోపీలా చెయ్యడమే. కానీ అంచులు సరిగ్గా అంటకపోతే రసంలో విచ్చుకుపోయి గిన్నెంతా పాడవుతుంది. ఆ కొండల్లో పిల్లలు ఇది బడికి పోకముందే నేర్చుకుంటారు. ఎలియా అయిదేళ్ళకే నాయనమ్మ కంటే వేగంగా చుట్టేవాడు. గొప్పలు చెప్పుకునే వయసులో రేసుల గురించి కాదు, దీని గురించే చెప్పుకునేవాడు.

అలాంటివాడు చుట్టిన వరస మొత్తం నోరు తెరుచుకుని ఉంది.

మిరెల్లా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. సొరుగులోంచి ఒక ఫోర్కు తీసి కొడుకు ముందు బల్ల మీద పెట్టింది.

“ఎన్ని?”

“ఇదేం ఆట మమ్మా?”

“ఎన్నిరా?”

“ఒకటి.” తల కాస్త కుడివైపుకి వంచి టక్కున చెప్పాడు.

ఆ వంపు కొత్తది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ ఫొటోల్లో అలాగే నిలబడుతున్నాడు. అభిమాన సంఘం కుర్రాళ్ళు అదేదో కొత్త స్టైలనుకుని వాళ్ళూ మెడలు వంచుకు తిరుగుతున్నారు. మొన్నటిదాకా మిరెల్లా కూడా ముచ్చటపడింది. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది.

రెండో ఫోర్కు తీసి మొదటిదానికి బాగా దగ్గరగా పెట్టింది.

“ఇప్పుడు?”

ఎలియా ఫోర్కుల వైపు చూశాడు. తల ఇంకాస్త వంచాడు.

“చెప్పు. ఇప్పుడెన్ని?”

పొయ్యి దగ్గర్నుంచి, గిన్నెలోకి చూస్తూనే, అలవాటుకొద్దీ ఎర్మెస్ నోరు జారాడు.

“సగం చెప్పరా.”

జెలిందా చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది.

“మూడున్నాయి బబ్బో,” అన్నాడు ఎలియా చిన్నగా, తండ్రితో. “మూడులో సగం ఎంతని చెప్పను?”

మిరెల్లా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె పెట్టినవి రెండే. కొడుక్కి ఒక్కోటీ రెండుగా కనిపిస్తోంది. నాలుగైతే రెండని చెప్పేవాడే, బయటపడేవాడు కాదు. దగ్గరగా పెట్టడంతో ఒకదాని నీడ ఇంకోదాని మీదికి వచ్చి మూడయ్యాయి. మూడు కనిపిస్తే ఏం చెప్పాలో ఆ తండ్రి నేర్పలేదు.

“ఎన్నాళ్ళనుంచి?” అంది.

“మిరెల్లా, ముందు నేను చెప్పేది విను—”

“నిన్నడగలేదు ఎర్మెస్. వాణ్ణడిగాను.”

“పడ్డప్పటినుంచి,” అన్నాడు ఎలియా. “పైకి చూస్తే ఏం లేదు మమ్మా. ఎదురుగా చూసినా పర్లేదు. కిందికి చూస్తేనే…”

“కిందికి చూస్తే?”

“నీకు నాలుగు చేతులు.”

అది నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

“మరి డాక్టరు దగ్గర?”

“తల వంచితే కొంచెం కలుస్తాయి. కలవకపోతే కనిపించినవాటిలో సగం చెప్పడం. పాత రాళ్ళ క్వారీలో బండి ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడల్లా బబ్బో వేళ్ళు చూపించి నేర్పాడు.” ఫోర్కుల్ని దూరంగా జరిపి, “డాక్టరు మంచాయనే. నేనే మోసం చేశాను,” అన్నాడు.

మిరెల్లా మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపొస్తుందని ఆమెకి తెలుసు.

“అడ్డం పడాల్సినవాడివి. తండ్రివి. నువ్వే దగ్గర కూర్చోబెట్టుకుని అబద్ధం నేర్పావా? కంచే చేను మేస్తే ఇంక నేనెవరితో చెప్పుకోను?”

“అబద్ధం కాదు. కొన్నాళ్ళు దాచడం.”

“ఆహా! ఎంత చక్కగా పేరు పెట్టావు!”

“బొలోన్యా సంగతి కూడా చెప్పరా ఎర్మెస్,” అంది జెలిందా బల్ల చివర్నుంచి. “సగం సగం చెప్పింది చాల్లే.”

ఎర్మెస్ గరిటె పక్కన పెట్టాడు. అతని ఎడమచేతి వేళ్ళు ఎప్పుడూ కొంచెం ముడుచుకునే ఉంటాయి. ఆ చేతిని జేబులో దూర్చాడు.

“బొలోన్యాలో ఒక కళ్ళ డాక్టరుకి చూపించాను. లోపల నరం ఒకటి దెబ్బతిందన్నాడు. దానంతటదే కోలుకోవచ్చట. చలికాలం దాకా బండి ముట్టుకోవద్దన్నాడు.”

“చలికాలమేగా!” మిరెల్లా ఆ మాట పట్టుకుని వేలాడింది. “ఎంత దూరం చలికాలం? ద్రాక్ష కోతలవగానే వచ్చేస్తుంది. అన్నాళ్ళు ఆగలేరా?”

“వచ్చే ఏడాదికి వీణ్ణి తీసుకుందామనుకుంటున్న పెద్ద జట్టు ఒకటుంది. చలికాలానికి అందులో చోటు ఎవడో స్పెయిన్ కుర్రాడికి వెళ్ళిపోతుంది. వాళ్ళ మనిషి ఆదివారం వస్తున్నాడు, వీణ్ణి చూడ్డానికి. ఇక్కడ, వీడి సొంత ట్రాక్ మీద కనపడకపోతే ఇంక ఎవడు పిలుస్తాడు? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి మిరెల్లా.”

“ముందు ఆ దీపం ఒకటో రెండో వాణ్ణడుగు.”

“నాకెందుకు చెప్పలేదు?” అని మళ్ళీ తనే అడిగింది.

“చెబితే ఏం చేసేదానివి? డాక్టరుకి ఫోన్ చేసేదానివి.”

“అవును, చేసేదాన్ని!”

“అందుకే చెప్పలేదు.”

మిరెల్లాకి అంతలో ఇంకో సంగతి తట్టింది. మెల్లగా అత్తగారి వైపు చూసింది.

“మీకెలా తెలుసు జెలిందా?”

జెలిందా పిండి మీద చూపు తిప్పలేదు. “రెండు ఆదివారాలుగా ఇంటి భోజనానికి వాడు చుట్టినవన్నీ వాడు లేచిపోయాక నేనే మళ్ళీ నొక్కుతున్నాను. మొదటిసారే నిలదీశాను, తండ్రీకొడుకులిద్దర్నీ. ఇవాళ నాకంటే ముందు నీ కంట పడ్డాయి.”

“అంటే అందరికీ తెలుసు.” మిరెల్లా ఒక్కొక్కరి మొహం చూసింది. “మొగుడి పక్కనే పడుకునే నాకు తప్ప. ఆసుపత్రిలో వాడి తల దగ్గర కూర్చున్నదాన్ని, చెంచాతో నీళ్ళు పోసినదాన్ని నేను. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పరాయిదాన్నా?”

ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టి అన్నేళ్ళయ్యాక ఆడది అడగాల్సిన ప్రశ్న కాదది.

ఎలియా లేచి వచ్చి ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు, పసివాడిలా గడ్డం ఆమె ఒళ్ళో ఆనించి పైకి చూశాడు.

“ఇలా పైకి చూస్తే నువ్వొక్కదానివే మమ్మా. బండి మీదా ఇంతే. ట్యాంకు మీద గడ్డం ఆనించి పడుకుంటాం, కళ్ళు పైకే ఉంటాయి. అప్పుడు ఒకటే రోడ్డు. ఒట్టు.”

ఆ మాట ఇంకో తల్లితో అంటే నమ్మేదేమో. వీడు చిన్న బండ్ల తరగతుల్లో పోటీ చేసినంతకాలం ట్రాక్ గోడ పక్కన నిలబడి, టైములు రాసిన బోర్డు ఎత్తి చూపించింది మిరెల్లానే. ఏ మలుపు దగ్గర ఏ పిల్లాడు ఎలా కూర్చుంటాడో ఆమెకి కంఠతా వచ్చు.

“బ్రేక్ వేసేటప్పుడు?” అంది.

ఎలియా ఆమె ఏప్రన్ అంచు మీది పిండి దులిపాడు.

“బ్రేక్ వేసేటప్పుడు లేచి కూర్చుంటావు. మలుపు లోపలి అంచు కోసం కిందికి చూస్తావు. అప్పుడెన్ని మలుపులు?”

“అమెదేయో వెనకే ఉంటాను. వాడెక్కడ బ్రేక్ వేస్తే నేనూ అక్కడే వేస్తాను. క్వారీలో అలాగే నడిపాను, ఒక్కసారి కూడా పడలేదు.”

అమెదేయో పక్క పొలం వాళ్ళబ్బాయి. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే బుల్లి బండి మీద వంతులవారీగా నేర్చుకున్నారు. ఇప్పుడు జట్లు వేరు, పోటీ పడే తరగతి ఒకటే. ఈ ఇంట్లో ఎన్ని పూటలు తిన్నాడో ఆ ఇంటివాళ్ళకే తెలీదు.

“ఇద్దరు అమెదేయోలు కనిపిస్తే?” అంది మిరెల్లా. “ఎవడి వెనక వెళ్తావు?”

“ఎడమవైపువాడే నిజం.” ఎలియా కళ్ళు దించుకున్నాడు. “చాలాసార్లు.”

మిరెల్లా కొడుకు తలని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టినట్టు లేచి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

*

పెరట్లో ద్రాక్ష పందిరి కింద పాత టైర్ల కుప్ప ఉంది. దాని మీద కూర్చుని చాలాసేపు ఫోను వైపే చూసింది. ట్రాక్ డాక్టరు నంబరు అందులో ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చాక ఆయనే ఇచ్చాడు, ఏమైనా తేడాగా ఉంటే చెప్పండమ్మా అని. నొక్కడం ఎంతసేపు?

వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. జెలిందా వచ్చి ఎదురుగా నిలబడింది. చేతుల నిండా పిండి.

“చేశావా?”

“చెయ్యలేదు.”

“చెయ్యబోయే ముందు నా మాట ఒకటి విను. మొదట్నుంచీ నీతో చెప్పాల్సింది.”

“మీరు దాచినవి ఇంకా ఉన్నాయా?”

ఆ పుల్లవిరుపు మాటని ముసలామె మింగేసింది. “ఎర్మెస్ రేసులు ఎందుకు మానేశాడో నీకు తెలుసుగా?”

“చెయ్యి చచ్చుబడింది. జట్టువాళ్ళకి తెలిసి పంపేశారు.”

“ఎలా తెలిసిందో ఎప్పుడైనా చెప్పాడా?”

మిరెల్లా తల ఎత్తింది.

“నేనే చెప్పాను. బస్సెక్కి వాళ్ళ యజమాని దగ్గరికి వెళ్ళాను. అయ్యా, నా కొడుకు ఎడమచేతికి స్పర్శ లేదు, క్లచ్ పట్టుకున్నాడో లేదో వాడికే తెలీదు, చచ్చిపోతాడు, ఇంటికి పంపెయ్యండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ సాయంత్రమే పంపేశారు. అప్పటికి వాడికి వీడి వయసే.”

“ఆయనకి తెలుసా, మీరేనని?”

“ఎందుకు తెలీదు? ఒక్క మాట అనలేదు. కొట్టినా బాగుండేది. ఆ రోజు నుంచీ నాతో వాన గురించి మాట్లాడతాడు, గ్యాసు అయిపోయిందంటే తెస్తాడు, జ్వరమొస్తే మందిస్తాడు. అంతే. చెయ్యెలా ఉందిరా అని అడిగితే లేచి బయటికి పోతాడు. సముద్రం ఒడ్డున టూరిస్టుల స్కూటర్లు బాగుచేస్తూ జీవితం గడిపేశాడు, బండి స్టార్టయిన ప్రతిసారీ నన్ను తిట్టుకుంటూ.”

జెలిందా చేతుల్లో ఎండిపోయిన పిండిని గిల్లుకుంటోంది.

“బతికున్నాడు కదా అని రోజూ నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. నిజమే, బతికున్నాడు. పొద్దున లేస్తే ఎదురుగానే ఉంటాడు. కానీ నాకు కొడుకు లేడు మిరెల్లా.”

ఇన్నేళ్ళూ ఆ తల్లీకొడుకుల మధ్య ఉన్న దూరాన్ని పెద్దరికం అనుకుంది మిరెల్లా. జాలి కలిగింది, కోపం పోలేదు.

“అందుకే ఈసారి నోరు మూసుకున్నారా?”

“అందుకే. ఇంకెవరైనా కనిపెట్టి చెప్తే బాగుండనుకున్నాను. ఆ పాపం నీ నెత్తిన పడుతుందని తెలిసీ అనుకున్నాను.”

“ఇప్పుడేం చెయ్యమంటారు? చెప్పమంటారా, వద్దంటారా?”

“చెప్తే కొడుకు నీకు కాకుండా పోతాడు. చెప్పకపోతే మొత్తానికే పోవచ్చు.” ముసలామె కళ్ళు తుడుచుకుంది, చెంపకి పిండి అంటింది. “రెండూ ఒకటి కాదు. నాకు తెలిసింది ఆ ఒక్కటే. ఇంత వయసొచ్చి అంతకుమించి చెప్పలేకపోతున్నాను.”

అంతలో వాకిట్లో కారు హారన్ మోగింది. ఒకసారి కాదు, పెళ్ళి బాజాలా మోగుతూనే ఉంది. ఆ చుట్టుపక్కల అలా హారన్ కొట్టే మనిషి ఒక్కతే.

*

అమెదేయో తల్లి పాట్రిజియా వంటింట్లోకి వస్తూనే గుడ్ల బుట్ట బల్ల మీద పెట్టి, ఎలియా చెంపలు రెండూ పట్టుకుని గిల్లింది.

“వీడా ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నవాడు! ఎద్దులా ఉన్నాడు. ఏరా, తల పగిలాక బుద్ధేమైనా వచ్చిందా?”

“ఉన్నది కూడా పోయింది అత్తా,” అన్నాడు ఎలియా.

“పోనీలే, మీ నాన్న పోలిక. ఏంటి ఎర్మెస్, మొహం అలా పెట్టావు? రసంలో ఉప్పెక్కువైందా?” ఎవరి సమాధానం కోసమూ ఆగకుండా సంచిలోంచి ఒక గుడ్డ తీసి పరిచింది. అది జెండా. ఒక సగంలో అమెదేయో నంబరు, ఇంకో సగంలో ఎలియా నంబరు. “రెండు అభిమాన సంఘాలవాళ్ళూ విడివిడిగా కూర్చుంటారట ఈసారి. నేనొప్పుకోలేదు. ఒకే బెంచీలు, ఒకే జెండా. నేనే కుట్టాను. కుట్టు వంకరగా ఉందని ఎవరైనా అన్నారో, చూడండి!”

పెరటి తలుపు దగ్గర నిలబడిన మిరెల్లాని అప్పుడు చూసింది.

“ఏమే, ఏడ్చావా?”

“ఉల్లిపాయలు,” అంది మిరెల్లా.

“కప్పెల్లెత్తిలో ఉల్లిపాయలెక్కడివే!” పాట్రిజియా దగ్గరికొచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. గొంతు తగ్గించింది. “తెలుసులే. పడ్డాక మొదటి రేసు. నా అమెదేయో మెడ విరిగి లేచాక నేనూ ఇంతే, పిండి పిసుకుతూ ఏడ్చాను, ఆ రోజు రొట్టెలన్నీ ఉప్పగా ఉన్నాయన్నారు. ఏం కాదు. నేనొకటి చెప్పనా? ఈ ఆదివారం నాకు భయం లేదు.”

మిరెల్లా ఆమె వైపు చూసింది.

“నిజంగా. ప్రతి రేసుకీ కళ్ళు మూసుకునే కూర్చుంటాను, నీకు తెలుసుగా. ముందున్నవాడి గురించి కాదే నా భయం, నా పిల్లాడి వెనక వచ్చేవాడి గురించి. వెనకవాడు తప్పు చేస్తే ముందువాడు ఏం చెయ్యగలడు చెప్పు? కానీ అమెదేయో నిన్న చెప్పాడు, మమ్మా, ఈసారి నా వెనక ఎలియా ఉంటాడు, మేమిద్దరం మాట్లాడుకున్నాం అని. అమ్మయ్య అనుకున్నాను. వీడు నేను పాలు కలిపిచ్చిన పిల్లాడు. వీడు వెనకుంటే నేను కళ్ళు తెరుచుకుని చూస్తాను.”

ఎర్మెస్ చేతిలో గరిటె గిన్నెకి తగిలి శబ్దమైంది. జెలిందా కిటికీ వైపు తిరిగింది. ఎలియా మాత్రం తల్లినే చూస్తున్నాడు, తల కుడివైపుకి వంచి, ఆమెని ఒక్కదాన్ని చేసుకోవాలని.

చెప్పాలి. ఇప్పుడే. మిరెల్లా నోరు తెరిచింది. నాలుక మీద మాటలన్నీ ఉన్నాయి. జెలిందా కళ్ళముందు కదిలింది, పిండి అంటిన చెంపతో. వాన గురించీ గ్యాసు గురించీ మాట్లాడే ఎలియా కనిపించాడు.

“కాఫీ తాగుతావా?” అంది.

“ఇప్పుడు కాదే, బెంచీలు వెయ్యడానికి మనుషులొస్తున్నారు. గుడ్లు తాజావి, పొద్దుటివే. వస్తాను.” పాట్రిజియా వెళ్తూ వెళ్తూ ఎలియా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. “నా పిల్లాణ్ణి చూసుకోరా.”

“అలాగే అత్తా,” అన్నాడు ఎలియా.

ఆమె వెళ్ళిపోయింది. వాకిట్లో కారు తలుపు పడిన చప్పుడైంది.

వంటింట్లో ముగ్గురూ ఒకేసారి ఊపిరి వదిలినట్టయింది. ఎర్మెస్ గబగబా పొయ్యి తగ్గించాడు, ఏదో పని ముగిసినట్టు. ఎలియా రెండంగల్లో వచ్చి తల్లిని గట్టిగా పట్టుకున్నాడు. వాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఆమెకి తెలుస్తోంది.

“నాకు తెలుసు మమ్మా, నువ్వు చెప్పవని. నాకు తెలుసు. నువ్వూ మాతోనే ఉన్నావు.”

ఇందాకట్నుంచీ ఆమె అడుగుతున్నది అదే. నన్నెందుకు పరాయిదాన్ని చేశారని. ఇప్పుడు కలుపుకున్నారు. ఎంత సులువుగా కలుపుకున్నారు! పొద్దున నలుగురిలో ముగ్గురికి తెలిసి ఒకరికి తెలీదు. ఇప్పుడు ఇంట్లో నలుగురికీ తెలుసు, తెలియనిది పాట్రిజియా వాళ్ళకి. ఇంత ప్రేమగా వాడు పట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఇంకోసారి పట్టుకోడేమో.

ఒక్క క్షణం ఆమె కూడా గట్టిగా పట్టుకుంది. వాడి మెడ దగ్గర వాసన పీల్చుకుంది. తర్వాత వాడి చేతులు విడిపించుకుంది.

“మమ్మా?”

ఏప్రన్‌తోనే వాకిట్లోకి పరిగెత్తింది. కారు అప్పటికే గేటు దాటి దారి మలుపు దగ్గరికి చేరింది.

“పాట్రిజియా! ఏయ్ పాట్రిజియా! ఆగు!”

కారు ఆగింది. కిటికీలోంచి నవ్వుతున్న మొహం బయటికొచ్చింది. “ఏంటే? ఏం మర్చిపోయాను?”

మిరెల్లా కంకర దారి మీద నడిచింది. ఇంక పరిగెత్తలేదు. వెనక గుమ్మంలో ఎలియా పిలుస్తున్నాడు. మొదట కోపంగా పిలిచాడు, తర్వాత బతిమాలుతూ, ఆ తర్వాత చిన్నప్పుడు చీకట్లో లేచి పిలిచినట్టు. వాడు మోకాళ్ళు చీరుకుపోయి పిలిచినప్పుడూ, ఆస్ట్రియాలో స్పృహ వచ్చి పిలిచినప్పుడూ ఆమె ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఇప్పుడు వెనక్కి తిరగలేదు.

కారు దగ్గరికి చేరి కిటికీ అంచు మీద చెయ్యి వేసింది.

“ఇంజను ఆపు పాట్రిజియా,” అంది.

పాట్రిజియా నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. తాళంచెవి మీదికి చెయ్యి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఎలియా మెట్లు దిగి పరిగెత్తుకొస్తూ, లేని చోట మెట్టు ఉందనుకుని కాలు వేసి, కంకర మీద పడ్డాడు.

ఇద్దరు తల్లులూ చూశారు.

“ఏమైందే వాడికి?” అంది పాట్రిజియా. ఆమె మొహంలో నవ్వు లేదు. “మిరెల్లా, ఏమైంది మీ వాడికి?”